డిస్‌లైకుల చేతికి తీర్పు ఇవ్వకండి

ప్రశ్న: నమస్కారం అండీ. నేను ఖమ్మంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మొబైల్ ఆటలు ఆడే తెలుగువాళ్ల కోసం ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాను. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి తుపాకుల ఆటల చిట్కాలు, కొత్త అప్‌డేట్ల మీద చర్చలు అందులో ఉంటాయి. మొదట్లో అందరూ తెలిసినవాళ్లే. ఇప్పుడు సభ్యులు వేలల్లోకి వచ్చారు. ప్రతి కామెంటుకూ లైక్, డిస్‌లైక్ పెట్టాం. లైకుల కంటే డిస్‌లైకులు ఐదు ఎక్కువైతే ఆ కామెంటు దానంతట అదే మాయమవుతుంది. మాకు పని తగ్గుతుందని అలా చేశాం. ఇప్పుడు ఒక స్క్వాడ్ (కలిసి ఆడే జట్టు) వాళ్లు మూకుమ్మడిగా వచ్చి తమకు నచ్చనివాళ్ల మాటలన్నీ మాయం చేస్తున్నారు. స్నైపర్ తుపాకుల గురించి చాలా బాగా రాసే ఒక అమ్మాయి పోస్టు అలాగే పోయింది. దాని కింద ఒకడు "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ తుపాకుల గోల" అని రాస్తే నలభై లైకులు వచ్చాయి. ఆమె మళ్లీ రాలేదు. డిస్‌లైక్ తీసేద్దామని ఒక స్నేహితుడు, బూతు పదాల జాబితా పెట్టి సాఫ్ట్‌వేర్‌కు వదిలేద్దామని ఇంకొకడు అంటున్నారు. ఏం చేయాలి? ఎవరైనా కేసు పెడితే మా మీదకు వస్తుందా? వచ్చే నెలలో మాకు పరీక్షలు కూడా ఉన్నాయి.

సమాధానం: మిగతావన్నీ తర్వాత చూద్దాం. ముందు ఆ అమ్మాయి పోస్టును ఇవాళే తిరిగి పెట్టండి. దాని కింద ఉన్న ఆ నలభై లైకుల కామెంటు తీసేయండి. తర్వాత ఆమెకు నాలుగు వాక్యాలు రాయండి: మీ పోస్టులో ఏ తప్పూ లేదు, మేం పెట్టిన పద్ధతి వల్ల అది కనబడకుండా పోయింది, తిరిగి పెట్టాం, ఆ కామెంటు తీసేశాం. అంతే. తిరిగి రమ్మని బతిమాలవద్దు, "మీలాంటి వాళ్లు ఉంటేనే సైటుకు అందం" లాంటి మాటలు వద్దు. వస్తుందో లేదో ఆమె ఇష్టం. ఆమెకు జరిగింది సరిదిద్దడం మాత్రం మీ బాధ్యత.

ఇక అసలు సంగతి. మీరు ఒకే బొత్తానికి రెండు పనులు అప్పగించారు. ఒక మాట నచ్చిందా లేదా అని చెప్పడం మొదటి పని. అది ఎవరి అభిరుచి వారిది, దాన్ని పదిమంది మీద వదిలేయవచ్చు. ఆ మాట ఇక్కడ ఉండవచ్చా లేదా అని తేల్చడం రెండో పని. దానికి కారణం కావాలి, ఆ కారణానికి జవాబు చెప్పే మనిషి కావాలి. డిస్‌లైక్ నొక్కినవాడు ఎందుకు నొక్కాడో ఎవరికీ చెప్పడు, ఎవరూ అడగరు. అలాంటి నొక్కుడు ఐదుసార్లు జరిగితే ఒక మనిషి మాట మాయమవుతుందంటే, నలుగురు స్నేహితులను వెంటబెట్టుకొచ్చే ఎవరికైనా మీరు అధికారం రాసిచ్చినట్టే. ఆ స్క్వాడ్ వాళ్లు మీ నిబంధనను ఉల్లంఘించలేదు, సరిగ్గా మీరు అనుమతించిన పనే చేశారు. అందుకని వాళ్లను బ్యాన్ చేయడంతో ఇది తీరదు. రేపు ఇంకో స్క్వాడ్ వస్తుంది.

డిస్‌లైకులు మనుషులను బాగుచేస్తాయని చాలామంది నమ్ముతారు. నలుగురూ కాదంటే తప్పు తెలుసుకుంటాడు, మాట మార్చుకుంటాడు అని. 2014లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు కొందరు దీన్నే పరిశీలించారు. వాళ్లు తీసుకున్న నాలుగు సైట్లలో ఆటల సైటు ఐజీఎన్ ఒకటి. వ్యతిరేక ఓట్లు పడినవాళ్లు ఆ తర్వాత ఇంకా ఎక్కువగా రాశారు, ఇంకా నాసిగా రాశారు, పైగా ఇతరులకు వ్యతిరేక ఓట్లు వేయడం పెంచారు. అంటే అక్కసు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. సైటు వదిలి వెళ్లిపోయే అవకాశం ఎవరికి ఎక్కువో కూడా వాళ్లు చూశారు. మెచ్చుకోలూ తిట్టూ రెండూ అందనివాళ్లే, అంటే ఎవరూ పట్టించుకోనివాళ్లే ఎక్కువగా వెళ్లిపోయారు. ఈ ఒక్క విషయం మీ స్నేహితులిద్దరికీ చెప్పండి. మీరు ముగ్గురూ రోజూ తిట్లు తీసేయడానికి పెట్టే సమయంలో కొంత తీసి, కొత్తగా వచ్చిన వాళ్ల మంచి పోస్టుల కింద ఒక మాట రాయండి. తిట్లు తీసేయడం కంటే దాని ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది.

లైకులను కూడా గుడ్డిగా నమ్మకండి. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, ఒక వార్తల సైటులో లక్షకు పైగా కామెంట్లను తీసుకుని, రాగానే కొన్నింటికి ఏ కారణమూ లేకుండా ఒక లైకు చేర్చారు. ఆ ఒక్క దొంగ లైకు వల్ల వాటి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ముందొకరు మెచ్చుకున్నారని కనబడితే తర్వాతి వాళ్ల చేయి అటే పోతుంది. మీ సైటులో ఆ వెకిలి కామెంటుకు నలభై లైకులు వచ్చాయంటే నలభై మంది ఆలోచించి దాన్ని సమర్థించారని అర్థం కాదు. మొదట ఐదారుగురు నొక్కారు, మిగతావాళ్లు వరుసలో చేరారు. దీనికి మందు సులభం: పోస్టు వచ్చిన మొదటి కొన్ని గంటలు స్కోరు ఎవరికీ చూపించకండి. ఓట్లు వేయనివ్వండి, లెక్క మాత్రం తర్వాత బయటపెట్టండి.

డిస్‌లైక్ తీసేద్దామన్న మీ స్నేహితుడి మాటలో సగం న్యాయం ఉంది. 2021 నవంబరులో యూట్యూబ్ డిస్‌లైకుల సంఖ్యను అందరికీ కనబడకుండా చేసింది. చిన్న ఛానళ్ల మీద గుంపులు కావాలని డిస్‌లైకులు గుప్పించడాన్ని తగ్గించడానికే అని చెప్పింది. బొత్తం మాత్రం ఉంచింది. మీరూ బొత్తం ఉంచండి, సంఖ్య దాచండి, దేన్నీ మాయం చేసే శక్తి దానికి ఇవ్వకండి. ఇంకో పని కూడా చేయండి. లైకును రెండుగా విడగొట్టండి: "ఉపయోగపడింది" ఒకటి, "నవ్వొచ్చింది" ఒకటి. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఆటల సమీక్షలకు ఇలాగే వేర్వేరు బొత్తాలుంటాయి. ఆటలాడేవాళ్ల దగ్గర వెటకారానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, ఉండనివ్వండి. కానీ ఒక జోకు, రీకాయిల్ (కాల్చినప్పుడు తుపాకీ ఎగదన్నడం) ఎలా అదుపు చేయాలో ఓపిగ్గా వివరించిన పోస్టును కిందికి తోసేయకూడదు. పైకి తెచ్చే లెక్కలో ఈ రెంటిలో "ఉపయోగపడింది" మాత్రమే చేర్చండి.

ఆ లెక్క గురించి కూడా ఒక మాట. లైకుల్లోంచి డిస్‌లైకులు తీసేసి వరుస పెడితే పొద్దున్నే వచ్చిన పోస్టులే రోజంతా పైన కూర్చుంటాయి. శాతం ప్రకారం పెడితే రెండే ఓట్లు పడి రెండూ అనుకూలమైన పోస్టు నూటికి నూరుతో పైకెక్కి, వంద ఓట్లలో తొంభై తెచ్చుకున్న దాన్ని తొక్కేస్తుంది. దీనికి 1927లో ఎడ్విన్ విల్సన్ అనే అమెరికన్ గణితవేత్త ఇచ్చిన సూత్రం ఒకటుంది. ఓట్లు ఎంత తక్కువగా ఉంటే నమ్మకం అంత తగ్గించి చూడడం దాని పద్ధతి. 95 శాతం నమ్మకం స్థాయిలో ఆ సూత్రం ప్రకారం రెండుకు రెండు తెచ్చుకున్న పోస్టుకు నూటికి దాదాపు 34 మార్కులు వస్తాయి, వందకు తొంభై తెచ్చుకున్న దానికి దాదాపు 83 వస్తాయి. చర్చల సైటు రెడిట్ 2009లో కామెంట్ల వరుసకు దీన్నే తీసుకుంది. మీలో కోడు రాసేవారికి ఒక సాయంత్రం పని.

ఇప్పుడు పదాల జాబితా. అది ఒక్కటే చాలనుకుంటే మోసపోతారు. తెలుగు మీద అది ఎలా పనిచేస్తుందో చూడండి. తిట్టుగా వాడుతున్నారని "పంది" అనే మాటను నిషేధించారనుకుందాం. అక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడ పట్టేసే ఫిల్టర్ అయితే "దయచేసి స్పందించండి" అని రాసినవాడి కామెంటు పోతుంది, ఎందుకంటే "స్పందించండి"లో ఆ అక్షరాలు ఉన్నాయి. "పందిరి" కూడా పోతుంది. అసలు తిట్టేవాడు మాత్రం మధ్యలో ఒక చుక్క పెట్టో, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాసో తప్పించుకుంటాడు. పూర్తి పదాలనే పట్టమంటే మన భాషలో ప్రత్యయాలు అతుక్కుని ఒకే పదం ఇరవై రూపాలెత్తుతుంది. ఏ రూపాన్నని రాసిపెడతారు?

ఇంతకంటే పెద్ద చిక్కు ఆటల భాషతో వస్తుంది. "రేపు పోచింకిలో దిగు, చూసుకుందాం, మొదటి నిమిషంలోనే చంపేస్తా." ఇందులో తప్పేమీ లేదు. పోచింకి బీజీఎంఐలోని ఎరాంగెల్ మ్యాప్‌లో ఒక ఊరు, ఇది ఆటకు పిలుపు. "మీ కాలేజీ ఎక్కడో నాకు తెలుసు, గేటు దగ్గర చూసుకుందాం." ఇందులో చంపడం లేదు, తిట్టు లేదు, కానీ ఇది బెదిరింపు. సాఫ్ట్‌వేర్ మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. మీ నలభై లైకుల కామెంటులో కూడా ఒక్క బూతు లేదు, పైగా "అమ్మా" అని ఉంది. ఆ మాట ఆ అమ్మాయికి ఎలా తగిలిందో మనిషికి తెలుస్తుంది, జాబితాకు తెలియదు. కాబట్టి ఫిల్టర్ పెట్టండి గానీ, అది దేన్నీ తీసేయకూడదు. అనుమానం ఉన్నవాటిని పక్కకు తీసి మీ ముందు పెట్టాలి. అంతవరకే దాని పని.

సరే, మరి తీసేసేది ఎవరు? మీరు ముగ్గురే వేల మందిని చూసుకోలేరు. ఈ పనిని సభ్యులతోనే చేయించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది 1997లో మొదలైన స్లాష్‌డాట్ అనే సాంకేతిక వార్తల సైటుది. అక్కడ ఓటు ఎప్పుడూ అందరి చేతిలో ఉండదు. చాలాకాలంగా సవ్యంగా రాస్తున్న సభ్యుల్లో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచుకుని, కొద్దిపాటి పాయింట్లు ఇస్తారు. సాధారణంగా ఐదు. మూడు రోజుల్లో వాడుకోకపోతే పోతాయి. ప్రతి పాయింటుకూ ఒక కారణం ఎంచుకోవాలి: లోతుగా ఉంది, సమాచారం ఉంది, నవ్వించింది, కావాలని రెచ్చగొట్టాడు, ఇలా. తాను మాట్లాడిన చర్చలో తానే పాయింట్లు వేయడానికి వీల్లేదు. స్కోరు ఎప్పుడూ మైనస్ ఒకటి కంటే కిందికి, ఐదు కంటే పైకి పోదు, కాబట్టి వంద మంది కలిసి తొక్కినా అంతకు మించి పాతాళానికి తోయలేరు. తక్కువ స్కోరు ఉన్న కామెంటు మాయం కాదు, ఎంత స్కోరు నుంచి చూడాలో చదివేవాడే పెట్టుకుంటాడు. నవ్వించిన కామెంటుకు స్కోరు పెరుగుతుంది గానీ రాసినవాడి ఖాతాలో మంచి పేరు జమకాదు. 1999లో దీనికి ఇంకో మెట్టు చేర్చారు: ఇతరులు వేసిన పాయింట్లు న్యాయంగా ఉన్నాయా అని ఇంకొందరు సభ్యులు పరిశీలిస్తారు.

ఇందులో ప్రతి చిన్న నిబంధన వెనుకా ఒక నిర్దిష్టమైన దుర్వినియోగానికి అడ్డుకట్ట ఉంది. పాయింట్లు గడువుతో పోతాయి కాబట్టి ఎవరూ దాచుకుని ఒకరి మీద ఒకేసారి కుమ్మరించలేరు. ఎవరికి ఎప్పుడు వస్తాయో ముందు తెలియదు కాబట్టి గుంపు కట్టడం కష్టం. మీ దగ్గర ఆ స్క్వాడ్ చేసిన పనిని ఈ రెండు నిబంధనలే చాలావరకు ఆపేవి. మొత్తం పద్ధతి మీకు అక్కర్లేదు, కారణం చెప్పించడం, గడువు, తన తగవులో తాను తీర్పరి కాకపోవడం, ఈ మూడూ తీసుకోండి.

ఆటల లోకంలోనే ఇంకో పాఠం ఉంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటను నడిపే రయట్ సంస్థ 2011లో ట్రిబ్యునల్ అని ఒకటి పెట్టింది. ఫిర్యాదులు ఎక్కువగా వచ్చిన ఆటగాళ్ల చాట్ మొత్తాన్ని ఇతర ఆటగాళ్ల ముందు పెట్టి, శిక్షించాలా వద్దా అని అడిగేవారు. 2014 తర్వాత అది కనబడలేదు. కేసు నడిచి శిక్ష పడేసరికి చాలా ఆలస్యమయ్యేది, అప్పటికి తాను ఏమన్నాడో ఆటగాడికే గుర్తుండేది కాదు. కానీ దానివల్ల రెండు విషయాలు తేలాయి. చెడ్డ మాటల్లో ఎక్కువ భాగం ఎప్పుడూ తిట్టే కొద్దిమంది నుంచి కాకుండా, మామూలుగా సవ్యంగా ఉండి ఆ రోజు ఓడిపోయి చిరాకులో ఉన్నవాళ్ల నుంచి వచ్చింది. శిక్షతో పాటు ఏ మాటకు ఆ శిక్ష పడిందో చూపించినప్పుడు మారినవాళ్లు పెరిగారు. ఊరికే బ్యాన్ చేస్తే అన్యాయం జరిగిందనే కోపమే మిగులుతుంది.

అందువల్ల మీరు ఏది తీసినా తీసిన గంటలోనే రాసినవాడికి ఇలా వెళ్లాలి: "మీరు రాసిన ఈ వాక్యం తీసేశాం. ఇది ఆట గురించి మాట్లాడకుండా ఒక సభ్యురాలిని ఆడపిల్ల అనే కారణంతో కించపరిచింది. మీ ఖాతాకు ఏమీ కాలేదు. ఇది సరికాదనిపిస్తే జవాబు రాయండి, మాలో ఇంకొకరు చూస్తారు." వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టండి. "నిబంధనల ఉల్లంఘన" అనే ముద్ర కొట్టి వదిలేయకండి. జవాబు వస్తే తీసినవారు కాకుండా ఇంకొకరే చూడాలి. ఇంత మర్యాద వాళ్లకెందుకు అని మీ స్నేహితులు అంటారేమో. ఇది చదివేది ఆ ఒక్కడే కాదు, స్క్రీన్‌షాట్ తీసి అందరికీ పంపుతాడు. అందులో మీ న్యాయం అందరికీ కనబడాలి.

నిబంధనలు కూడా చిన్నవిగా, మన దగ్గర నిజంగా జరిగేవాటి గురించి రాయండి. కులం పేరుతో, ప్రాంతం పేరుతో, ఆడవాళ్లని కించపరిస్తే తీసేస్తాం. ఇంటి చిరునామా, ఫోను నంబరు, కాలేజీ పేరు బయటపెడితే తీసేస్తాం. ఆట బయట కలుసుకుందామనే బెదిరింపు ఉంటే తీసేస్తాం. హీరోల అభిమానుల గొడవలు ఆటల చర్చలోకి తెస్తే తీసేస్తాం. "నీ ఆట చెత్తగా ఉంది" అంటే మాత్రం తీయం, అది మొరటుగా ఉన్నా అభిప్రాయమే. ఈ చివరి వాక్యం తప్పకుండా రాయండి. ఏది తీయరో తెలియకపోతే జనం దేనికైనా రిపోర్ట్ కొడతారు.

ఆలోచించకుండా తీసేయాల్సింది ఒకటుంది: పందెం యాప్‌ల లింకులు. "రోజుకు రెండు వేలు, నాకు మెసేజ్ చేయండి" అంటూ కుర్రవాళ్ల చర్చల్లోకి దూరే బాపతు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అలాంటి ఆటలతో పాటు వాటి ప్రకటనలను కూడా నిషేధించింది. మీ సభ్యుల్లో ఇంటర్ చదివే పిల్లలు ఉంటారు. ఇక్కడ వివరణలు, హెచ్చరికలు అక్కర్లేదు. లింకు తీసి, ఖాతా మూసేయండి.

కేసుల గురించి అడిగారు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 79వ సెక్షన్ మీలాంటి మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది. ఇతరులు రాసినదానికి, మీరు తగిన జాగ్రత్త తీసుకున్నంతవరకు, మీరు బాధ్యులు కారు. కోర్టు ఉత్తర్వుగానీ ప్రభుత్వ నోటిఫికేషన్‌గానీ అందాక కూడా తీయకపోతే ఆ రక్షణ పోతుందని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ చట్టం కింద వచ్చిన 2021 నిబంధనల ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో ఉండాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. పరిష్కారానికి ఇచ్చే గడువులు సవరణలతో మారుతుంటాయి కాబట్టి ఇప్పుడు అమల్లో ఉన్న పాఠాన్ని ఒక న్యాయవాదితో కూర్చుని చదవండి. ఫిర్యాదుల అధికారిగా మీ ముగ్గురిలో ఒకరి పేరు పెట్టండి. తీసిన ప్రతి కామెంటు నకలు, తేదీ, కారణం, తీసినవారి పేరు ఒక పట్టికలో దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే మీ జాగ్రత్తకు అదే సాక్ష్యం.

పరీక్షల నెలకు వేరే ఏర్పాటు చేసుకోండి. మంచిగా రాసే పాత సభ్యుల్లో ఆరుగురిని అడగండి, ఒకే స్క్వాడ్ నుంచి ఇద్దరిని తీసుకోవద్దు, అందులో కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండేలా చూడండి. వాళ్లు కామెంటును తాత్కాలికంగా దాచగలరు, బ్యాన్ చేయడానికి మాత్రం ఇద్దరి ఒప్పుదల కావాలి. ఒక్కొక్కరికి వారంలో రెండు సాయంత్రాలకు మించి ఇవ్వకండి, తిట్లు చదవడం మనసును అలసిపోయేలా చేస్తుంది. కొత్త ఖాతాల మొదటి మూడు పోస్టులు ఒకరు చూశాకే బయటికి రావాలి. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు వరకు చదవడానికి తెరిచి ఉంచి, కొత్తగా రాయడం ఆపేయండి. సభ్యులు గొణుగుతారు. పరీక్షలున్నాయని, ఫలానా తేదీన మళ్లీ తెరుస్తామని ముందు పేజీలో రాసి పెట్టండి. ఐదు డిస్‌లైకుల నిబంధనను మాత్రం పరీక్షల దాకా ఆగకుండా ఇవాళ రాత్రే తీసేయండి.